మూడొందల కిలోమీటర్ల విమానం

మలక్‌పేట నుంచి చాదర్‌ఘాట్ వంతెన దాటి ఎడమకు తిరిగితే గౌలిగూడ. 2018 జూలై 5న కూలిపోయేదాకా అక్కడ వంపు తిరిగిన పెద్ద ఇనుప కప్పు ఒకటి ఉండేది. సిటీ బస్సులు దాని కిందే ఆగేవి. అసలు పేరు మిసిసిపి హ్యాంగర్. విమానాలు పెట్టుకోవడానికని నిజాం కాలంలో అమెరికా నుంచి తెప్పించారు. చివరికి అది బస్సులకు దక్కింది. నిజాం స్టేట్ రైల్వే 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టింది. ఆ బస్సులకు నీడ కావలసివచ్చి హ్యాంగర్‌ను వాడుకున్నారు. 1994లో మూసీ ఒడ్డున ఇమ్లీబన్ బస్‌స్టేషన్ వచ్చేదాకా జిల్లాల బస్సులకు కూడా అదే గమ్యం. మా నాన్న అక్కడ డ్రైవరు. నేను చాదర్‌ఘాట్‌లో పుట్టి, ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని ఆ కప్పు కిందికి నడిచి వెళ్తూ పెరిగాను. పెద్దయ్యాక పైలట్‌నయ్యాను. మొదట ప్రొపెల్లర్ విమానం, తర్వాత జెట్, ఆఖర్న మళ్లీ ప్రొపెల్లర్ విమానం నడిపి రిటైరయ్యాను.

పైలట్లు ఇద్దరు కలిస్తే ఎప్పటికీ తెగని వాదన ఒకటుంది: టర్బోప్రాప్ మేలా, చిన్న జెట్ మేలా? ఆబిడ్స్‌లో ఇరానీ చాయ్ ముందు, బేగంపేట ట్రైనింగ్ హాస్టల్ మెట్ల మీద, శంషాబాద్‌లో డ్యూటీ బండి కోసం ఎదురుచూసేటప్పుడు ఈ మాట నా చెవిన పడుతూనే ఉంది. కుర్రవాళ్లకిది కొత్త వాదన అనిపిస్తుంది. నిజానికి మన ఊరి విమానాల చరిత్ర మొత్తం ఈ వాదన చుట్టూనే తిరిగింది. తెలుగు నేల మీద అయితే పరీక్ష పెట్టినట్టే, రెండు రకాల విమానాలతో రెండు సంస్థలు రెండేళ్ల తేడాలో పుట్టి, పోయాయి కూడా. ఆ సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ పుట్టింది. నిజాం ప్రభుత్వానిది పెద్ద వాటా, టాటాలది భాగస్వామ్యం, మకాం బేగంపేట. ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం వదిలేసిన డకోటా విమానాలు చవగ్గా దొరికాయి. వాటితోనే సర్వీసులు నడిచాయి. దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగమిచ్చింది ఈ హైదరాబాద్ సంస్థే. మిగతా కంపెనీలు ఆడమనిషిని కాక్‌పిట్‌లో కూర్చోబెట్టడానికి జంకిన రోజులవి. ఈ ఒక్క విషయానికే మన ఊరు ఎంత గర్వపడినా తక్కువే. 1953 ఆగస్టు 1న మరో ఏడు కంపెనీలతో పాటు డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

డకోటాది పిస్టన్ ఇంజిన్. లోపల పెట్రోలు మండుతుంది, సిలిండర్లు కొట్టుకుంటాయి, నూనె కారుతుంది, వణుకు పుడుతుంది. సరిగ్గా అదే ఏడు, 1953లో, ఇంగ్లండులో వైకౌంట్ అనే విమానం ప్రయాణికులతో తిరగడం మొదలెట్టింది. దాని రోల్స్ రాయిస్ డార్ట్ ఇంజిన్‌లో సిలిండర్లు లేవు. లోపల జెట్ ఇంజిన్ లాగే టర్బైన్ గిర్రున తిరుగుతుంది. ఆ శక్తిని గొట్టం వెనకనుంచి మంటగా వదిలెయ్యకుండా, గేర్ల ద్వారా ముందున్న ప్రొపెల్లర్‌కు ఇస్తారు. టర్బోప్రాప్ అంటే ఇంతే. 'పంకా విమానం' అని తేలిగ్గా అనేవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే: ఆ పంకా వెనక ఉన్నదీ జెట్టే.

ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1957లో వైకౌంట్లు తెచ్చింది, 1961లో ఫోకర్ ఫ్రెండ్‌షిప్‌లు తెచ్చింది. తర్వాత కాన్పూర్‌లో హెచ్‌ఏఎల్ కట్టిన ఆవ్రోలు వచ్చాయి. మూడింటికీ డార్ట్ ఇంజిన్లే. 1964లో కారవెల్, 1971లో బోయింగ్ 737 జెట్లు వచ్చేసరికి సంస్థ లోపల ఒక నిచ్చెన తయారైంది. అడుగు మెట్టు ఫ్రెండ్‌షిప్, ఆవ్రో. పై మెట్టు జెట్. సీనియారిటీ పెరిగేకొద్దీ పైకెక్కాలి, జీతమూ పెరగాలి. ఏ విమానం ఏ దూరానికి తగినదన్న ప్రశ్న ఆ నిచ్చెన మెట్ల కింద పడి నలిగిపోయింది. ఈనాటి వాదనలో సగం వేడి అక్కణ్నుంచి వచ్చిందేనని నా నమ్మకం.

నేను ఆ సంస్థలో చేరి ఆవ్రో మీద పడ్డాను. ఎండాకాలం మధ్యాహ్నం బేగంపేటలో టేకాఫ్ అంటే ఏమిటో ఆవ్రో నేర్పింది. ఊరు సముద్రమట్టానికి 530 మీటర్ల ఎత్తున ఉంది. నలభై రెండు డిగ్రీల ఎండలో గాలి పలచబడిపోతుంది. పలచని గాలిలో రెక్కా తక్కువ మోస్తుంది, ఇంజినూ తక్కువ లాగుతుంది. అప్పుడు డార్ట్‌లోకి నీళ్లూ మెథనాలూ కలిపిన ద్రవం చిమ్మేవాళ్లం. ఇంజిన్ చల్లబడి, పోయిన బలం తిరిగొచ్చేది. మీటరు మీద టార్క్ లేవడం, డార్ట్ కూత ఒక స్థాయి పెరగడం, వీపు సీటుకు ఒత్తుకోవడం మూడూ ఒకేసారి జరిగేవి. ఆ కూత ఎంత సన్నగా, ఎంత గట్టిగా ఉండేదంటే, ఆ కాలంలో పనిచేసిన మెకానిక్కుల్లో చాలామందికి తర్వాత వినికిడి తగ్గింది. ఫ్రెండ్‌షిప్ నడిపిన నా స్నేహితులకు ఇంకో ముచ్చట ఉండేది. దాని చక్రాలు, బ్రేకులు, ముందు చక్రం తిప్పడం అన్నీ నూనె ఒత్తిడితో కాదు, గాలి ఒత్తిడితో పనిచేసేవి. దిగాక బ్రేకు తొక్కితే బుస్సుమనేది. పైనున్న రెక్క కింద కిటికీ దగ్గర కూర్చున్న ప్రయాణికుడికి కృష్ణా గోదావరి పొలాలు అడ్డు లేకుండా కనిపించేవి. ఆవ్రోకు రెక్క కింద ఉండటంతో ఆ భాగ్యం లేదు.

తర్వాత నా వంతు వచ్చి 737కు మారాను. చేతులకు తెలిసిన తేడాలు ఇక్కడ కొంచెం విడమరచి చెబుతాను. పుస్తకాల్లో వేగం, ఎత్తు, ఇంధనం అంకెలుంటాయి. పైలట్లు పోట్లాడుకునేది వాటి గురించి కాదు.

టర్బోప్రాప్‌లో ప్రొపెల్లర్ వెనక్కి నెట్టే గాలి నేరుగా రెక్క మీదుగా పోతుంది. పవర్ లివర్ ముందుకు తోసిన క్షణమే రెక్కకు అదనపు ఊతం వస్తుంది. వెనక్కి లాగితే అదే క్షణం ఆ ఊతం పోతుంది, పైగా ప్రొపెల్లర్ గాలికి అడ్డంగా నిలబడి విమానాన్ని పట్టి ఆపుతుంది. ల్యాండింగ్‌లో నేలకు పది అడుగుల ఎత్తున పవర్ ఒక్కసారిగా మూసేస్తే విమానం దభీమని కూర్చుంటుంది. జెట్‌లో అలా కాదు. థ్రాటిల్ మూసినా జారుతూనే ఉంటుంది, వేగం తగ్గదు. ఎత్తు దిగాలంటే వేగం తగ్గదు, వేగం తగ్గించాలంటే ఎత్తు దిగదు. అందుకే జెట్ పైలట్ దిగే సంగతి వంద మైళ్ల ముందునుంచే లెక్క వేసుకుంటాడు. ఇంకోటి, మూసిన జెట్ ఇంజిన్‌ను మళ్లీ పూర్తి బలానికి తేవడానికి ఏడెనిమిది సెకన్లు పట్టొచ్చు. రన్‌వే ముందర ఆ ఏడెనిమిది సెకన్లు చాలా పొడుగ్గా ఉంటాయి. టర్బోప్రాప్ నుంచి వచ్చినవాడు అడిగిన వెంటనే బలం వస్తుందనుకుంటాడు. జెట్ నుంచి వచ్చినవాడు మూసినా విమానం తేలుతుందనుకుంటాడు. ఎవరి అలవాటు వాడికి ప్రమాదం. రెండింటి మీదా శిక్షణ ఇచ్చినవాణ్ని కాబట్టి గట్టిగా చెప్పగలను: టర్బోప్రాప్ నుంచి జెట్‌కు వెళ్లినవాడు బుర్రకు పని పెంచుకోవాలి, జెట్ నుంచి టర్బోప్రాప్‌కు వచ్చినవాడు కాళ్లకు పని పెంచుకోవాలి.

కాళ్లకు ఎందుకంటే, ప్రొపెల్లర్ విమానం ఊరికే తిన్నగా పోదు. పవర్ మారినప్పుడల్లా ముక్కు పక్కకు లాగుతుంది. పెడల్ మీద పాదం ఎప్పుడూ జాగ్రత్తగా ఉండాలి. ఒక ఇంజిన్ ఆగిపోతే ఆ పక్క ప్రొపెల్లర్ గాలికి గోడలా అడ్డం నిలుస్తుంది. రేకుల అంచును గాలికి ఎదురుగా తిప్పి ఫెదర్ చేస్తే తప్ప విమానం బతకదు. ఇప్పటి విమానాల్లో అది తనంతట తానే జరిగే ఏర్పాటు ఉంది. అయినా సిమ్యులేటర్‌లో ఆ పాఠం చెబుతూ ఉంటే, ఎన్నేళ్లు గడిచినా నా కుడికాలు దానంతటదే బిగుసుకునేది.

నేను ఆ సంస్థలో రిటైరయ్యే వేళకు బేగంపేట మూతపడింది. 2008 మార్చి 23న విమానాలన్నీ శంషాబాద్‌కు మారాయి. ఆ ఏడే ముడిచమురు పీపా 147 డాలర్లు దాటింది. ప్రపంచమంతా అంతకుముందు పదిహేనేళ్లు యాభై సీట్ల జెట్ల వెంట పడింది. కెనడా సీఆర్‌జే, బ్రెజిల్ ఎంబ్రేయర్ 145 వేడివేడిగా అమ్ముడుపోయాయి. ప్రొపెల్లర్ చూస్తే ప్రయాణికులు మొహం తిప్పుకుంటారన్నారు. 1996లో ఫోకర్ దివాలా తీసింది, 1999లో సాబ్ తన టర్బోప్రాప్‌ల తయారీ ఆపేసింది. చమురు ధర పెరగగానే లెక్క తలకిందులైంది. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో తయారయ్యే ఏటీఆర్ టర్బోప్రాప్‌కు మళ్లీ గిరాకీ వచ్చింది. ఆ గిరాకీ పుణ్యాన నాకొక ప్రైవేటు సంస్థలో ఏటీఆర్ కమాండర్ ఉద్యోగం దొరికింది. జెట్ నుంచి ప్రొపెల్లర్‌కు రావడం దిగజారడమని తోటివాళ్లు జాలిపడ్డారు. నేను అలా అనుకోలేదు. కొత్త ఏటీఆర్ కాక్‌పిట్ ముందు నేను నడిపిన 737-200 తాతగారి లెక్క.

ఏటీఆర్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు 'హోటల్ మోడ్'. నేల మీద ఆగాక కుడి ఇంజిన్ ప్రొపెల్లర్‌కు బ్రేకు బిగించి, లోపలి టర్బైన్‌ను మాత్రం తిరగనిస్తారు. కరెంటు, చల్లగాలి రెండూ దాన్నుంచే వస్తాయి. బయటి జనరేటర్ బండి అక్కర్లేదు. మెట్లు తలుపులోనే ఉంటాయి, నిచ్చెన బండీ అక్కర్లేదు. ఏమీ లేని చిన్న ఊరి విమానాశ్రయంలో దిగి, పావుగంట ఇరవై నిమిషాల్లో జనాన్ని దింపి ఎక్కించుకుని లేచిపోవడానికి కట్టిన విమానం అది. దాన్ని నడుపుతుంటే నాకు మా నాన్న ఉద్యోగం గుర్తొచ్చేది. ఆయనా పగలల్లా చిన్న ఊళ్లలో ఆగుతూ, జనాన్ని దింపి ఎక్కించుకుంటూ తిరిగినవాడే.

ఇక మొదట్లో చెప్పిన ఆ రెండు సంస్థల సంగతి. 2013 అక్టోబరులో విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టా ఎగిరింది. ఎంబ్రేయర్ 170 జెట్‌లో 67 సీట్లు, ఎంబ్రేయర్ 190లో 112. కోస్తా ఊరి నుంచి ఒక విమాన సంస్థ, అదీ జెట్లతో! ఆ రోజుల్లో బెజవాడ పైలట్ల మొహాల్లో వెలుగు చూడాల్సిందే. 2014 ఫిబ్రవరిలో సింగపూర్ ఎయిర్‌షోలో ఆ సంస్థ ఏకంగా 50 కొత్త ఎంబ్రేయర్ ఈ2 జెట్లకు ఆర్డరిచ్చింది. ఆ రకం విమానం అప్పటికింకా గాల్లోకి లేవనే లేదు.

2015 జూలై 12న హైదరాబాద్ కేంద్రంగా ట్రూజెట్ వచ్చింది. పేరులో జెట్ ఉన్నా విమానాలు ఏటీఆర్ 72లు. ఆ పేరు పెట్టినప్పుడే నాకు మనసులో కలుక్కుమంది. నిచ్చెన ఇంకా కూలలేదన్నమాట.

ఎయిర్ కోస్టా 67 సీట్ల లెక్క వెనక ప్రభుత్వపు కొలత ఉంది. అప్పట్లో 80 సీట్ల లోపు విమానాలకు ల్యాండింగ్ చార్జీలు లేవు. నలభై టన్నుల లోపు బరువున్న విమానాల ఇంధనంపై అమ్మకం పన్ను నాలుగైదు శాతమే. పెద్ద విమానాలకు కొన్ని రాష్ట్రాలు పాతిక శాతానికి పైగా వసూలు చేసిన రోజులవి. ఎంబ్రేయర్ 170 ఈ రెండు హద్దుల లోపలా సరిగ్గా ఇమిడింది. అంతకుముందు చెన్నై పారామౌంట్ సంస్థ కూడా ఈ లెక్క మీదే ఎంబ్రేయర్లు నడిపింది. 112 సీట్ల 190 మాత్రం రెండు హద్దులూ దాటేసింది. అంటే ఒకే సంస్థలో ఒక విమానానికి రాయితీ ఉంది, రెండోదానికి లేదు. 50 కొత్త విమానాలూ రెండో తరహావే. ఏటీఆర్‌కు ఈ బెంగ ఏనాడూ లేదు. అది పూర్తి బరువుతో కూడా ఇరవై మూడు టన్నులు.

ఇప్పుడు దూరాలు చూడండి. గాల్లో తిన్నగా కొలిస్తే శంషాబాద్ నుంచి విజయవాడ గన్నవరం సుమారు 260 కిలోమీటర్లు. కడప 300. రాజమండ్రి 360. తిరుపతి 420. ఏటీఆర్ గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది, ఎంబ్రేయర్ 800 దాటుతుంది. కానీ గన్నవరం వెళ్లే జెట్ తన ఎత్తుకు చేరకముందే దిగడం మొదలుపెట్టాలి. మొత్తం మీద మిగిలేది పది నిమిషాలు అటూ ఇటూ. ఆ పది నిమిషాల కోసం తగలబెట్టే ఇంధనం మాత్రం చాలా ఎక్కువ. జెట్ ఇంజిన్ ముప్పై అయిదు వేల అడుగుల పైన పొదుపు. కింది దట్టమైన గాలిలో దాని ఆకలికి హద్దు లేదు. ఇరవై వేల అడుగుల దగ్గర ఏటీఆర్ హాయిగా పనిచేస్తుంది.

ఆబిడ్స్‌లో ఒక సాయంత్రం ఇద్దరు కుర్ర పైలట్లు నా ఎదుట దీని మీదే పట్టుబట్టారు. ఒకడు విజయవాడవాడు, ఎంబ్రేయర్ నడిపినవాడు. రెండోవాడు మలక్‌పేటవాడు, ఏటీఆర్ మీద ఉన్నాడు.

"సార్, మే నెల సాయంత్రం రాజమండ్రి మీద మబ్బులు చూశారు కదా. మేం నలభై వేల అడుగుల దాకా పోగలం. వీళ్లు వాటి కడుపులోంచి పోవాలి. ప్యాసింజర్లు దేవుణ్ని తలుచుకుంటూ కూర్చుంటారు" అన్నాడు విజయవాడవాడు.

"అరే భాయ్, ఆ మబ్బులు యాభై వేలదాంక లేస్తయి. నువ్వు గూడ పక్కనుంచే పోవాలె. నేను ఇంకొంచెం పక్కనుంచి పోత. పాత రాజమండ్రి రన్‌వే పదిహేడు వందల యాభై మీటర్లు లేదు గద, ఎండల ఫుల్ లోడ్‌తోని నువ్వు లేస్తుండెనా? సార్‌ను అడుగు."

ఇద్దరూ నా వైపు చూశారు. మబ్బుల విషయంలో విజయవాడవాడిది సగమే నిజమని చెప్పాను. పెద్ద ఉరుముల మబ్బుల పైనుంచి ఎవరూ పోలేరు. మామూలు మబ్బులను, కుదుపులను మాత్రం జెట్ తప్పించుకుంటుంది, ప్రయాణికుడికి అది చిన్న సుఖం కాదు. రన్‌వే విషయంలో మలక్‌పేటవాడి మాటకు తిరుగు లేదు. యుద్ధకాలం నాటి చిన్న రన్‌వేల మీద మన ఊళ్లకు విమానం అందించింది టర్బోప్రాప్‌లే. ఎనభైల్లో వాయుదూత్ సంస్థ రాజమండ్రికి తిరిగిందన్నా, తర్వాత ట్రూజెట్ తిరిగిందన్నా కారణం అదే. రాజమండ్రి రన్‌వేను మూడు కిలోమీటర్లు దాటించి పెద్ద జెట్లు దిగేలా చేసింది ఈమధ్యనే.

2017 ఫిబ్రవరి 28న ఎయిర్ కోస్టా ఆగిపోయింది. రెండు నెలలకు, ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద మొదటి సర్వీసులు మొదలయ్యాయి. సిమ్లాతో పాటు ఆ రోజు జెండా ఊపిన రెండు దారులు కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్. రెండూ ట్రూజెట్ ఏటీఆర్‌లవే. గంట ప్రయాణానికి కొన్ని సీట్ల టికెట్ 2,500 రూపాయలు మించకూడదన్నారు. ఆ ధరకు జెట్ నడపడం ఎవరి వల్లా కాదు. ఆ డిసెంబరులో ఇండిగో కూడా హైదరాబాద్ నుంచి ఏటీఆర్‌లు మొదలెట్టింది.

అంటే టర్బోప్రాప్ గెలిచిందని కాదు. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ కూడా ఆగిపోయింది. సరైన విమానం ఉన్నంత మాత్రాన సంస్థ నిలబడదు. అద్దెలు, అప్పులు, కొవిడ్ వీటన్నిటి ముందు విమానం ఒక భాగమే. ఆగిపోయిన రెండు సంస్థల పైలట్ల కష్టం నేను దగ్గరగా చూశాను. ఎంబ్రేయర్ రేటింగ్ చేతిలో ఉన్నవాడికి దేశంలో ఇంకో ఎంబ్రేయర్ దొరకడం కష్టమైంది. కొందరు సొంత ఖర్చుతో ఏటీఆర్ నేర్చుకున్నారు. గ్రౌండ్ క్లాసులో నా ముందు కూర్చున్న అలాంటి ఒక కుర్రాడు మొదటి వారమంతా ముభావంగా ఉండేవాడు. సిమ్యులేటర్‌లో అడ్డగాలిలో ల్యాండింగ్ సరిగ్గా కుదిరిన రోజున మాత్రం, "సార్, ఇన్నాళ్లూ ఆటోథ్రాటిల్ నడిపింది, ఇవాళ నేను నడిపాను" అన్నాడు. ఎంబ్రేయర్ మంచి విమానమే. అందులో ఆటోథ్రాటిల్ ఉంది, కంట్రోళ్లు చాలావరకు వైర్ల మీద నడుస్తాయి. అయినా ఆ కుర్రాడి మాట ఏ టర్బోప్రాప్ పైలట్‌కైనా వెంటనే అర్థమవుతుంది.

జెట్‌కు తగిన దూరం జెట్‌కు ఉంది. స్టార్ ఎయిర్ ఇప్పుడు 76 సీట్ల ఎంబ్రేయర్ 175లు నడుపుతోంది. హైదరాబాద్ నుంచి జామ్‌నగర్ లాంటి దూరపు చిన్న ఊరికి అది చక్కగా సరిపోతుంది. పెద్ద ఎయిర్‌బస్ నింపడానికి జనం చాలరు, ఏటీఆర్‌లో కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తాయి. ఏడెనిమిది వందల కిలోమీటర్లు దాటితే నేనైనా చిన్న జెట్‌కే ఓటేస్తాను.

ఇప్పుడు వరంగల్ మామునూరు గురించి మాట్లాడుతున్నారు. నిజాం కాలపు ఎయిర్‌ఫీల్డ్ అది. దశాబ్దాలు ఖాళీగా పడి ఉండి, 2025లో కేంద్రం అనుమతి తెచ్చుకుంది. అక్కడికి పెద్ద జెట్ రావాలని, అందుకు పొడుగు రన్‌వే కావాలని అందరూ అడుగుతున్నారు. రానివ్వండి, ఢిల్లీకి అదే కావాలి. కానీ మామునూరు నుంచి విశాఖ సుమారు 385 కిలోమీటర్లు, తిరుపతి 480 లోపే. ఈ రెండు ఊళ్లకు రోజూ రెండు పూటలా ఏటీఆర్ తిరిగితే వరంగల్ జనానికి విమానం నిజంగా అందుతుంది. అలా తిరగాలంటే కమాండర్లు కావాలి. నాలుగేళ్లు ఏటీఆర్ మీద చేయి తిరిగిన ప్రతి కమాండరూ జీతం కోసం ఎయిర్‌బస్‌కు వెళ్లిపోతున్నాడు. అతణ్ని నేను తప్పుపట్టను, అతనికీ ఇల్లుంది, పిల్లలున్నారు. రోజుకు ఆరు టేకాఫ్‌లు, ఆరు ల్యాండింగ్‌లు, అన్నీ మబ్బుల మధ్యనే చేసేవాడికి, పైన ఆటోపైలట్ మీద మూడు గంటలు కూర్చునేవాడికంటే తక్కువ ఇవ్వడం మాత్రం అన్యాయం. సంస్థలు ఏటీఆర్ కమాండర్‌కు జెట్ కమాండర్‌తో సమానంగా జీతమివ్వాలని నేను పాతికేళ్లుగా అడుగుతున్నాను. మామునూరు రన్‌వే పని మొదలయ్యేలోపు అయినా ఎవరో ఒకరు ఆ పని చెయ్యాలి.